నిద్ర మీద పరిశోధన.. సొంత నిద్రకు మాత్రలా?

ప్రశ్న: నా వయసు 29. నిద్ర మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. రెండేళ్లుగా వారానికి నాలుగు రాత్రులు స్లీప్ ల్యాబ్‌లోనే. పగలు నిద్ర పట్టక, ఫ్రెండ్ చెప్పిన ఆల్ప్రాజోలం మాత్ర ఐదు నెలలుగా వాడుతున్నాను. ఇప్పుడు రెండు వేసుకుంటే గానీ పట్టడం లేదు. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడుతున్నానని రూమ్మేట్ అంటున్నాడు. మొన్న సిగ్నల్ దగ్గర బండి మీదే కునుకు పట్టింది. నైట్ డ్యూటీకి శరీరం ఎప్పటికి అలవాటు పడుతుంది? ఈ రంగంలో కెరీర్ బాగుంటుందా?

జవాబు: కెరీర్ సంగతి తర్వాత. ముందు ఆ మాత్రలు మీకెవరు రాసిచ్చారు? ఫ్రెండ్ డాక్టరేమీ కాదనుకుంటాను. ఒకటి రెండయ్యిందంటే శరీరం మందుకు అలవాటు పడుతోంది. రేపు మూడవుతుంది. నైట్ డ్యూటీల రోజుల్లో నేనూ శాంపిల్ మాత్రలు మింగినవాణ్నే, అందుకే గట్టిగా చెబుతున్నా.

అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. నెలల తరబడి వాడినదాన్ని ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, నిద్ర మరీ చెడిపోవడం, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ చూస్తుండగా కొద్దికొద్దిగా తగ్గించాలి. ఎంత చొప్పున అనేది మిమ్మల్ని చూడకుండా నేను చెప్పకూడదు.

నన్ను ఇంకా కంగారు పెట్టింది మీ గురక. రికార్డింగ్‌ను 30 సెకన్ల ముక్కలుగా చూస్తూ, 10 సెకన్లు గాలి ఆడకపోతే ఆప్నియా అని గుర్తు పెట్టేది మీరే కదా! మీ దగ్గరికొచ్చేసరికి ఒక్క వాక్యంలో దాటేశారు. ఆప్నియా ఉందో లేదో పరీక్ష చేయకుండా తేల్చలేం. ఉంటే మాత్రం, ఈ మాత్రలు గొంతు కండరాలను వదులు చేసి పరిస్థితిని ఇంకా చెడగొట్టవచ్చు. ఒక రాత్రి మీ ల్యాబ్‌లో నిద్రను రికార్డు చేసే ఆ వైర్లు మీరు పెట్టించుకుని పడుకోండి. రిపోర్టు మీరే చదివేసుకోకుండా స్పెషలిస్టుకు చూపించండి. బీపీ, థైరాయిడ్ కూడా చూపించుకోండి.

అంతవరకూ బండి తీయొద్దు, ముఖ్యంగా డ్యూటీ దిగిన పొద్దున. 17 గంటలు మేలుకున్నవాళ్ల చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ల స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. ఇది మీకు నేను చెప్పాలా?

అలవాటు పడటం మనిషిని బట్టి. 1938లో నిద్ర పరిశోధకుడు నథానియల్ క్లీట్‌మన్ అమెరికాలోని కెంటకీలో మామత్ గుహలోకి దిగి, 32 రోజులు, రోజుకు 28 గంటల లెక్కన బతికి చూశారు. వెంట వెళ్లిన రిచర్డ్‌సన్ సర్దుకున్నాడు, క్లీట్‌మన్ శరీరం మాత్రం 24 గంటల లెక్క వదల్లేదు. మీరూ ఆయన కోవేనేమో. నైట్లు తగ్గించమని గైడ్‌ను అడగండి. ఇంటికొచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు, పడుకునే గదిలో చిమ్మచీకటి, డ్యూటీ రెండో సగంలో కాఫీ బంద్.

కెరీరా? బాగానే ఉంటుంది. శరీర గడియారం మీద పనికి 2017లో నోబెల్ వచ్చింది. రాత్రంతా కూర్చోనక్కర్లేని డేటా విశ్లేషణ, జన్యు పరిశోధన లాంటి పనులూ ఇందులో ఉన్నాయి. ఈ వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి. వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్పు, వీలైతే రూమ్మేట్‌నూ వెంట తీసుకెళ్లండి.