పాత హీరోనా, పెద్ద పేరా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులం. మేనేజర్ (అంటే ప్రధాన కోచ్) కుర్చీ ఖాళీ అయిన ప్రతిసారీ ఇంట్లో గొడవే. క్లబ్బుకు ఆడినవాడే రావాలని అన్నయ్య, పెద్ద పేరున్నవాడు కావాలని నేను. ఎవరిది కరెక్ట్?

జవాబు: అన్నయ్య మాట వింటే మన క్లబ్బు పాత ఆటగాడు సోల్షార్ గుర్తొస్తాడు. యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ చాంపియన్స్ లీగ్ 1999 ఫైనల్లో ఆఖరి క్షణాల్లో కాలు అడ్డం పెట్టి బంతిని వలలోకి తోసినవాడు. 2018 డిసెంబరులో తాత్కాలిక మేనేజర్‌గా వచ్చి వరసపెట్టి గెలిపిస్తుంటే, ‘ఈయన్నే ఉంచండి’ అని నేనూ గొంతు చించుకున్నాను. ఉంచారు. ఒక్క కప్పూ రాకుండానే 2021 నవంబరులో సాగనంపారు.

అలాగని మీరు గెలిచినట్టు కాదు. అంతకుముందు ఆ కుర్చీలో ఉన్నది ఎన్నో క్లబ్బులకు కప్పులు తెచ్చిన మౌరీన్యో, ఆయనకు మించిన పేరేముంది? 2017లో యూరప్ రెండో స్థాయి కప్పు యూరోపా లీగ్ తెచ్చాడు, మరుసటి ఏడాది చివర్లో ఉద్వాసన.

నన్నడిగితే పేరు కంటే గడువు ముఖ్యం. ఈ క్లబ్బుకు అందరికంటే ఎక్కువ కప్పులు తెచ్చిన మేనేజర్ ఫెర్గూసన్ 1986లో వచ్చాడు, ఇక్కడ ఆయన మొదటి ఇంగ్లండ్ లీగ్ టైటిల్ 1993లో. ఆయన తర్వాత మోయెస్‌కు ఆరేళ్ళ కాంట్రాక్టు రాసిచ్చి పది నెలలకే పంపేశారు! ఈసారి గొడవ మొదలైతే, ఎన్ని ఓటములు ఓర్చుకుంటావని ముందు అన్నయ్యనే అడగండి.