ఎక్మో మీద ఉండగా హెపారిన్ ఆపొచ్చా?

ప్రశ్న: న్యుమోనియాతో ఊపిరితిత్తులు దెబ్బతిని మా తమ్ముడు ఎక్మో (రక్తాన్ని ఒంట్లోంచి బయటికి తీసి ఆక్సిజన్ ఎక్కించి తిరిగి పంపే యంత్రం) మీద ఉన్నాడు. నిన్న ముక్కులోంచి రక్తం ఆగకుండా కారడంతో, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు ఆపేశారు. రక్తం గడ్డకడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది, డాక్టర్ గారూ. – ఒక అక్క, ఏలూరు

జవాబు: ఆ నిర్ణయం సరైనదేనమ్మా. యంత్రంలోని ప్లాస్టిక్ గొట్టాలు, ఆక్సిజనేటర్ (రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే భాగం) తగిలితే రక్తం గడ్డకట్టాలని చూస్తుంది, అందుకే హెపారిన్. ఆపిన కొద్ది గంటల్లోనే దాని ప్రభావం పోతుంది. ఐసీయూలో దీన్ని ఎంచుకునేది అందుకే. ఊపిరితిత్తుల కోసం పెట్టే వీవీ ఎక్మోలో రక్తప్రవాహం బాగుంటే కొన్నాళ్లు మందు లేకుండానే నడపొచ్చు. ఆక్సిజనేటర్‌లో గడ్డలు పేరుకుంటే దాన్ని మార్చగలం. మెదడులో రక్తస్రావమైతే సరిదిద్దడం చాలా కష్టం, నాకు అసలు భయం దాని గురించే. ఏపీటీటీ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే పరీక్ష), ప్లేట్‌లెట్లు ఎంతున్నాయో, మళ్లీ ఎప్పుడు మొదలుపెడతారో రౌండ్స్‌కి వచ్చినప్పుడు మొహమాటపడకుండా అడగండి.