ఫైళ్ల పేర్లు మార్చే ముందు

చిన్నా,

ఆశీస్సులు. బోనాల ఫోటోలు 1,200 దాకా ఉన్నాయని, పేర్లన్నీ ఒకేసారి మార్చడానికి లైనక్స్‌లో కమాండ్లు టైపు చేసే షెల్‌లో ఫంక్షన్ (ఒక్క పేరుతో నడిచే కమాండ్ల కట్ట) రాసుకుంటున్నానని నువ్వు ఫోన్లో చెప్తే సంతోషమేసింది. అమీర్‌పేట హారన్ల గోలలో నేను చెప్పింది నీకు సగం వినపడలేదు. అందుకే రాస్తున్నా.

పేరు మార్చడం తేలికే. డిస్కులో ఒకే పార్టిషన్ (భాగం) లోపల అయితే ఫైల్ లోపలి సరుకు కదలదు, ఫోల్డర్ పట్టికలో పేరు మాత్రమే మారుతుంది. అందుకే పెద్ద వీడియో అయినా రెప్పపాటులో అయిపోతుంది. అదే పెన్‌డ్రైవ్‌లోకి పంపితే, పేర్లు మార్చే ఆ ఎంవీ (mv) కమాండే మొత్తం కాపీ చేసి, తర్వాత పాతది తుడిచేస్తుంది. మధ్యలో పెన్‌డ్రైవ్ పీకకు.

భయమల్లా రెండు ఫైళ్లకు ఒకే పేరు వస్తేనే. ఎంవీ మామూలుగా అడగదు, ఉన్నదాన్ని చెరిపేసి ఆ చోట కొత్తది పెట్టేస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో బ్రాంచీల నెలవారీ లెక్కలు నా దగ్గరికి వచ్చేవి. పేరు ముందున్న బ్రాంచి కోడ్ చూడ్డానికి బాగాలేదని, దాన్ని తీసేసే ఫంక్షన్ రాశా. పదకొండు బ్రాంచీల మార్చి ఫైళ్లు ఒక్క ఫైలయ్యాయి. ఎర్రర్ ఒక్కటీ రాలేదు! మిగతా పదీ మళ్లీ పంపమని ఫోన్లు చేసి, ఒక్కో మేనేజరుకు ఒక్కో అబద్ధం చెప్పాను.

నీ రెండు కెమెరాల్లోనూ 0001 నంబరు ఫోటో ఉందన్నావు. అంటే నీకూ అదే గండం. ఫంక్షన్‌లో ఎంవీకి ముందు ఎకో (echo) అన్న కమాండ్ పెట్టి నడుపు. పని జరగదు, ఏం చేయబోతోందో తెరమీద పడుతుంది. ఓపికగా చదువు. తర్వాత ఎకో తీసేసి, ఎంవీకి హైఫన్ ఎన్ (-n) తగిలించు. అప్పుడు ఉన్న ఫైల్ జోలికి పోదు. మొదలుపెట్టే ముందు, అయ్యాక ఫైళ్లు లెక్కపెట్టు. పాత పేరు, కొత్త పేరు ఒక టెక్స్ట్ ఫైల్‌లో పడేలా కూడా రాసుకుంటే వెనక్కి రావడానికి దారుంటుంది.

పేరు పట్టుకొచ్చే వేరియబుల్‌ని డబుల్ కోట్స్‌లో పెట్టడం మరిచిపోకు. లేకపోతే ‘లాల్ దర్వాజా బోనాలు’ అన్న పేరు షెల్‌కి మూడు ముక్కలుగా కనిపిస్తుంది.

పేరు ముందు తేదీ పెట్టు: సంవత్సరం, నెల, రోజు, ఆ వరసలోనే. బోనాలు గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి మీదుగా లాల్ దర్వాజాకు వస్తాయి కదా. ఉత్త ఊరి పేర్లు పెడితే అక్షర క్రమంలో సికింద్రాబాద్ చివరికి పోతుంది. నంబర్లకు నాలుగు అంకెలు ఉంచు, లేకపోతే 2 కంటే ముందు 10 వస్తుంది.

ముందు పది ఫోటోలు వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసి వాటిమీద ప్రయత్నించు. ఆదివారం లాప్‌టాప్ తెచ్చుకుని రా. మీ పెద్దమ్మ సర్వపిండి చేస్తానంటోంది. ఆ పదకొండు బ్రాంచీల సంగతి మాత్రం ఆమె ముందు ఎత్తకు.

మీ పెద్దనాన్న