ఫిల్మ్ స్కాన్‌లో ఇసుక చల్లినట్టు గ్రెయిన్

ప్రశ్న: నాన్నగారు తీసిన పాత 35 ఎంఎం కలర్ నెగెటివ్‌లు స్కాన్ చేస్తున్నాను. ఆల్బమ్‌లోని ప్రింట్లు నున్నగా ఉన్నాయి. స్కాన్లలో మాత్రం ఆకాశం మీద, నీడల్లో ఇసుక చల్లినట్టు ఉంది. ఫిల్మ్ పాడైందా?

జవాబు: టెన్షన్ పడకండి. ఏ ఫిల్మ్‌లోనైనా ఇలా ఇసుకలా కనిపించే గ్రెయిన్ ఉంటుంది. కలర్ నెగెటివ్‌లో బొమ్మ ఏర్పడేదే సూక్ష్మమైన రంగు మచ్చలతో. మీరు చూస్తున్నదాంట్లో కొంత ఫిల్మ్‌దైతే, కొంత స్కానింగ్ పెంచింది. ముందు ఆ రెండోదాని పని పట్టాలి.

స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌లో షార్పెనింగ్ ఆన్‌లో ఉందేమో చూసి ఆపేయండి. అంచులను కొట్టొచ్చినట్టు చూపడం దాని పని. గ్రెయిన్‌లో ప్రతి చుక్కకూ అంచే కదా!

డీపీఐ (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లన్న లెక్క) తగ్గిస్తే గ్రెయిన్ తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు జరిగేది దానికి ఉల్టా. స్కానర్ చుక్కల్ని విడివిడిగా పట్టుకోలేనప్పుడు అవి కలిసిపోయి అసలుకన్నా లావుగా కనిపిస్తాయి. దీన్నే గ్రెయిన్ ఏలియాసింగ్ అంటారు. అందుకే స్కానర్ అసలు ఆప్టికల్ రిజల్యూషన్‌లోనే (అంటే సాఫ్ట్‌వేర్ పెంచి చూపేది కాకుండా, స్కానర్ నిజంగా చదవగలిగే డీపీఐలో), వివరాలు పోని 16 బిట్ టిఫ్ ఫైలుగా స్కాన్ చేసి, సైజు తర్వాత ఎడిటింగ్‌లో తగ్గించండి. 4000 డీపీఐలో 35 ఎంఎం ఫ్రేమ్ సుమారు 5,670 × 3,780 పిక్సెళ్లు వస్తుంది. పొడవు, వెడల్పు సగానికి తగ్గిస్తే నాలుగేసి పిక్సెళ్లు కలిసి ఒకటవుతాయి, గ్రెయిన్ బాగా అణుగుతుంది. అప్పటికీ 300 డీపీఐలో 9 × 6 అంగుళాల ప్రింటుకు సరిపోతుంది.

నీడల్లో గ్రెయిన్ ఎక్కువగా ఉంటే, ఫొటో తీసినప్పుడు వెలుతురు చాలక నెగెటివ్ పల్చబడి ఉండొచ్చు. మల్టీ శాంప్లింగ్ (ఒకే చోటును పలుమార్లు చదివి సగటు తీయడం) ఉంటే వాడండి, కానీ దానితో తగ్గేది స్కానర్ నాయిస్, అంటే స్కానర్ తానుగా కలిపే చుక్కలు మాత్రమే. గ్రెయిన్ ఫిల్మ్ మీదే ఉంది కాబట్టి ఎన్నిసార్లు చదివినా అక్కడే ఉంటుంది. పల్చటి నెగెటివ్‌ను బలవంతంగా వెలిగించకుండా నీడల్ని కాస్త నల్లగానే వదిలేస్తే గ్రెయిన్ అంతగా కనబడదు.

ఇవన్నీ అయ్యాకే గ్రెయిన్ రిడక్షన్ జోలికి వెళ్లండి, అదీ ‘లైట్’ సెట్టింగ్‌లో, కాపీ మీద. ఎక్కువైతే నాన్నగారి ఫొటోల్లోని ముఖాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి. నేనైతే కొంచెం గ్రెయిన్ ఉన్న ముఖాన్నే ఉంచుకుంటాను. 100 శాతం జూమ్‌లో కాకుండా ప్రింట్ సైజులో చూసి నిర్ణయించుకోండి.

మరో మాట. స్కానర్లలో ఉండే డిజిటల్ ఐస్ అనే సదుపాయం ఇన్‌ఫ్రారెడ్ కాంతితో దుమ్ము, గీతలు గుర్తించి తీసేందుకే, గ్రెయిన్‌కు పనిచేయదు. ఆ కట్టలో మామూలు బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లు ఉంటే దాన్ని ఆపేయండి. వాటిలోని వెండి ఇన్‌ఫ్రారెడ్‌ను అడ్డుకుంటుంది, స్కానర్ బొమ్మనే దుమ్మనుకుని చెరిపేస్తుంది.