మా తోట ద్రాక్షతో వైన్ తీసి అమ్ముకోవచ్చా?

ప్రశ్న: మాది రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలం. ఐదెకరాల్లో థాంప్సన్ సీడ్‌లెస్ ద్రాక్ష ఉంది. సరిగ్గా కోత టైముకి మార్కెట్లో ధర పడిపోతోంది. అందుకని ఏడాదికి 10,000 లీటర్లు తీసే చిన్న వైనరీ పెట్టాలనుకుంటున్నాం. నాసిక్‌లో రైతులే పెట్టుకున్నారని విన్నాం. ఒక మెషినరీ డీలర్ 40 లక్షలకు కొటేషన్ ఇచ్చాడు. అడ్వాన్సు కడితే పర్మిషన్లన్నీ తనే చూసుకుంటానంటున్నాడు. మా ఆవిడ ప్రతి క్రిస్మస్‌కీ ఇంట్లో వైన్ చేస్తుంది, తెలిసినవాళ్ళు డబ్బిచ్చి తీసుకెళ్తుంటారు. తోట గేటు దగ్గరే కౌంటర్ పెట్టి అమ్ముకోవచ్చా? మొత్తం ఎంత ఖర్చవుతుంది?
– ఒక రైతు

జవాబు: ముందుగా, ఆ డీలర్‌కి అడ్వాన్సు కట్టకండి. వైనరీకి పర్మిషన్ మెషిన్లు అమ్మేవాడి చేతిలో ఉండదు, ఎక్సైజ్ శాఖ చేతిలో ఉంటుంది. పైగా లైసెన్సు లేకుండా ఆ మెషిన్లు మీ షెడ్డులో దిగడమే మీకు చిక్కు తెచ్చిపెట్టొచ్చు. తెలంగాణ ఎక్సైజ్ చట్టం, 1968 (ఉమ్మడి రాష్ట్రం నుంచి మనకు వచ్చినదే) 13వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయకూడదు, అమ్మకం కోసం సీసాల్లో నింపకూడదు. తయారీ కోసం పాత్రలు, సామగ్రి దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే. ద్రాక్ష మీ తోటలోదే అయినా, పులిశాక చట్టం దృష్టిలో అది మద్యమే.

మీ ఆవిడ చేసే వైన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పండక్కి ఇంట్లో వైన్ చేసుకోవడం చాలా కుటుంబాల్లో ఉన్న అలవాటే. కానీ ఇంటి అవసరానికి చేసుకున్నా చట్టంలో మినహాయింపు ఉందని ధీమాగా ఉండొద్దు. డబ్బు తీసుకుని ఇచ్చారంటే అది లైసెన్సు లేని అమ్మకం. 34వ సెక్షన్ కింద జైలు శిక్ష, జరిమానా రెండూ ఉన్నాయి. "తెలిసినవాళ్ళకే ఇచ్చాం" అనేది కోర్టులో డిఫెన్స్ కాదు. వాట్సాప్‌లో వచ్చిన ఆర్డర్లు, ఫోన్‌పేలో పడిన డబ్బులే సాక్ష్యమవుతాయి. వైనరీకి దరఖాస్తు పెట్టబోయే మనిషి మీద ఎక్సైజ్ కేసు ఉంటే ఆ ఫైలు కదలడం కష్టం. ఆ అమ్మకాలు ఇవాళే ఆపించండి.

ఇక అసలు విషయం. మద్యం తయారీ, రవాణా, అమ్మకం రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితా 8వ అంశం. కాబట్టి నాసిక్‌లో కుదిరింది శంకర్‌పల్లిలో కుదరాలని లేదు. మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని ఖోడే డిస్టిల్లరీస్ కేసులో (1995) సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. ప్రభుత్వం మీకు లైసెన్సు ఇవ్వనంటే "నా హక్కు" అని హైకోర్టుకి వెళ్ళలేరు. ఒకరికి ఇచ్చి మీకు కారణం లేకుండా నిరాకరిస్తే మాత్రం వివక్ష అని అడగొచ్చు. మిగతా ఏ ఫ్యాక్టరీకీ లేని రిస్కు ఇది. అందుకే ఖర్చు లెక్క వేసే ముందు దీన్ని చెబుతున్నాను.

తోట గేటు దగ్గర కౌంటర్ గురించి అడిగారు. మన దగ్గర అలా కుదరదు. 1993లో మద్యం హోల్‌సేల్, రిటైల్ వ్యాపారాన్ని నియంత్రించడానికి ఒక చట్టం తెచ్చారు. వైన్, బీరు కూడా దాని పరిధిలోనే ఉన్నాయి. హోల్‌సేల్ అంతా ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్‌దే. మీరు తయారుచేసిన సరుకు కార్పొరేషన్ డిపోకి వెళ్ళాలి, అక్కణ్ణుంచి లైసెన్సు ఉన్న షాపులకి, బార్లకి. ఏ లేబుల్‌కి ఎంత ధర అన్నదీ మీ ఒక్కరి ఇష్టం కాదు. డిపోలో దించినంత మాత్రాన డబ్బు ఆ రోజే చేతికి రాదు కూడా. తయారుచేసిన చోటే గ్లాసులో పోసి అమ్మడానికి 2015లో మైక్రోబ్రూవరీలకు రూల్స్ తెచ్చారు. అవి బీరుకే, వైన్‌కి వర్తించవు.

నాసిక్ కథ వేరు. మహారాష్ట్ర 2001లోనే ద్రాక్ష ప్రాసెసింగ్ పరిశ్రమకు ప్రత్యేక పాలసీ తెచ్చి, వించూరులో, సాంగ్లీ జిల్లా పలూస్‌లో వైన్ పార్కులు పెట్టింది. వైనరీ ఆవరణలోనే రుచి చూపించి అమ్ముకోనిచ్చింది. 20 శాతం వ్యాట్‌లో 16 శాతం వైనరీకి తిరిగిచ్చే స్కీం నడిపింది. కర్ణాటక 2007లో వైన్ పాలసీ, దాంతోపాటు వైన్ బోర్డు తెచ్చుకుంది. అక్కడి చిన్న వైనరీకి మంచి లాభం గేటు దగ్గర అమ్మిన సీసా మీదే వస్తుంది. మధ్యలో ఎవరూ ఉండరు కాబట్టి. మీ లెక్కలో ఆ సీసా లేదు. అందువల్ల నాసిక్ వాళ్ళ ప్రాజెక్టు రిపోర్టును ఊరి పేరు మార్చి ఇక్కడి బ్యాంకులో పెడితే మీరే మునుగుతారు.

ఖర్చుల్లో మెషిన్ల కన్నా జనం మరిచిపోయేది జీఎస్టీ. తాగే మద్యం జీఎస్టీ పరిధిలో లేదు. అమ్మినప్పుడు మీరు జీఎస్టీ వసూలు చేయరు, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ క్రెడిట్‌గా వెనక్కి రాదు. 40 లక్షల మెషినరీ మీద 18 శాతం అంటే 7 లక్షల 20 వేలు. అది మీ జేబులోంచి పోయినట్టే. గాజు సీసాల మీద 18 శాతం కూడా అంతే. కొటేషన్‌లో "జీఎస్టీ అదనం" అని కింద చిన్న అక్షరాల్లో ఉందేమో మళ్ళీ చూడండి. అదే ద్రాక్షతో జ్యూస్ చేసి అమ్మితే ఈ క్రెడిట్ దొరికేది. ఇది కాక వైన్ మీద ఎక్సైజ్ సుంకం, వ్యాట్, ఏటా లైసెన్సు ఫీజు, ప్రతి లేబుల్‌కీ విడిగా రిజిస్ట్రేషన్ ఫీజు ఉంటాయి.

ద్రాక్ష లెక్క కూడా ఒకసారి చూడండి. కిలోకి సుమారు 650 మిల్లీలీటర్ల వైన్ వస్తుందనుకుంటే 10,000 లీటర్లకి పదిహేను టన్నుల పైచిలుకు చాలు. థాంప్సన్ బాగా కాస్తే అది రెండెకరాల పంట. మిగతా మూడెకరాల కాయ మళ్ళీ అదే మార్కెట్‌కి, అదే ధరకి. ఏ ధర సమస్య నుంచి బయటపడాలని వైనరీ అంటున్నారో, ఆ సమస్యలో సగానికి పైగా అలాగే ఉంటుంది. పైగా థాంప్సన్ తినే రకం. పేరున్న వైన్లకి షిరాజ్, కాబెర్నే సావిన్యోన్, షెనిన్ బ్లాంక్ లాంటివి కావాలి. అవి ఇప్పుడు నాటితే చెప్పుకోదగ్గ కాపు మూడో ఏట. ఆ మూడేళ్ళ వడ్డీ, తరవాత ట్యాంకుల్లో నిలవ ఉన్నన్నాళ్ళ వడ్డీ, డిపో నుంచి డబ్బు వచ్చేదాకా వడ్డీ – డీలర్ కొటేషన్‌లో ఈ వరస ఉండదు. చిన్న వైనరీలు దెబ్బతినేది ఇక్కడే. ఇంకొకటి, మన దగ్గర కోత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు. లైసెన్సు మే నెలలో చేతికొచ్చిందంటే షెడ్డు, అప్పు, జీతాలు ఏడాది పాటు ఖాళీగా నడవాలి.

భూమి విషయంలో రెండు జాగ్రత్తలు. షెడ్డు కట్టే భాగాన్ని వ్యవసాయేతర భూమిగా, అంటే నాలాకి, మార్చుకోవాలి. ఐదెకరాలూ మార్చకండి, షెడ్డుకీ దారికీ ఎంత కావాలో అంతే సర్వే చేయించి మార్చండి. మార్చిన భూమికి రైతు భరోసా రాదు. రెండోది, మీ ఊరు జీవో 111 కింద ఉన్న 84 గ్రామాల్లో ఒకటేమో చూసుకోండి. శంకర్‌పల్లి మండలంలో అలాంటి ఊళ్ళు ఉన్నాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కోసం 1996లో ఇచ్చిన ఆ జీవో కాలుష్య పరిశ్రమలను ఆపింది. 2022లో జీవో 69తో సడలింపు ఇచ్చినా, చెరువుల్లోకి మురికినీళ్ళు వెళ్ళే పని ఏదైనా కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) దగ్గర ఇబ్బందే. వైనరీలో ట్యాంకులు కడిగిన నీళ్ళు, పిండిన తొక్కలు, గింజలు ఎక్కడికి పోతాయో మీరు కాగితం మీద చూపించాలి. 1974 నీటి కాలుష్య చట్టం, 1981 వాయు కాలుష్య చట్టం కింద షెడ్డు కట్టే ముందు ఒక అనుమతి, నడిపే ముందు ఇంకొకటి తీసుకోవాలి.

లైసెన్సు వచ్చాక రోజువారీ పని కూడా మీరనుకున్నంత స్వేచ్ఛగా ఉండదు. ప్రతి ట్యాంకునీ కొలిపించి నంబరు వేయించాలి. ఏ రోజు ఎన్ని టన్నుల కాయ దిగింది, ఏ ట్యాంకులోంచి ఎంత రసం ఎందులోకి మారింది, ఎంత తరుగు పోయింది అన్నీ రిజిస్టర్‌లో ఎక్కాలి. ఇన్‌స్పెక్టర్ వచ్చి కొలిస్తే రిజిస్టర్లో అంకె, ట్యాంకులో మట్టం కలవాలి. తేడా వస్తే దొంగచాటుగా అమ్మారన్న అనుమానం మీ మీదే పడుతుంది. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే లైసెన్సు వేరు. 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న మద్య పానీయాల ప్రమాణాల ప్రకారం లేబుల్ మీద ఆల్కహాల్ శాతం, ఆరోగ్య హెచ్చరిక ఉండాలి. వైన్ పాడవకుండా వేసే సల్ఫైట్ కలిపితే ఆ మాటా రాయాలి.

ఆదాయపు పన్నులో ఒక ఊరట ఉంది. ద్రాక్ష పండించిన వరకు వ్యవసాయ ఆదాయమే. వైన్ అమ్మగా వచ్చిన దాంట్లోంచి మీ సొంత ద్రాక్ష మార్కెట్ ధర తీసేసి, మిగిలినదాన్నే వ్యాపార ఆదాయంగా లెక్కేస్తారు. ఆ ధర రుజువు కోసం కోత రోజుల్లో బాటసింగారం మార్కెట్ బిల్లులు దాచుకోండి.

నన్నడిగితే మీరు మొదట చూడాల్సిన దారి సొంత షెడ్డు కాదు. నాసిక్‌లోనో కర్ణాటకలోనో లైసెన్సు ఉన్న వైనరీతో ఒప్పందం చేసుకుని, మీ బ్రాండుతో కొద్ది సరుకు తీయించుకుని అక్కడే అమ్మి చూడండి. వాళ్ళ జాబ్‌వర్క్ చార్జీ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, అదీ వెనక్కి రాదు. అయినా 40 లక్షలు ఇరుక్కోవు. బ్రాండు పేరుకి 33వ క్లాసులో (వైన్ లాంటి మద్యాల వర్గం) ట్రేడ్‌మార్క్ మీ పేరు మీదే వేయండి. వ్యక్తిగా ఆన్‌లైన్లో దరఖాస్తు చేస్తే ఫీజు 4,500 రూపాయలు. ట్యాంకులో వైన్ పాడైతే నష్టం ఎవరిది, లేబుల్ రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద, ఒప్పందం ముగిశాక మిగిలిన సీసాలు ఎవరివి – ఈ మూడూ రాతలో లేని ఒప్పందం మీద సంతకం పెట్టకండి. ఆ సీసాలు కార్టన్ల కొద్దీ కార్లో వేసుకుని ఇక్కడికి తెచ్చారో, అక్కడ పన్ను కట్టినా ఇక్కడ నాన్ డ్యూటీ పెయిడ్ లిక్కర్ (ఇక్కడి సుంకం కట్టని మద్యం) కేసే.

సొంతంగానే పెట్టాలని గట్టిగా ఉంటే, నాంపల్లి ఆబ్కారీ భవన్‌లోని ప్రొహిబిషన్, ఎక్సైజ్ కమిషనర్ ఆఫీసుకి పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. నాలుగే అడగండి: రాష్ట్రంలో వైనరీలకు ఇప్పుడు అమల్లో ఉన్న రూల్స్ ప్రతి; దరఖాస్తు ఫీజు, లైసెన్సు ఫీజు, డిపాజిట్ ఎంత; లేబుల్ రిజిస్ట్రేషన్‌కి ఎంత; ప్రస్తుతం లైసెన్సు ఉన్న వైనరీలు ఎన్ని. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబు, మీ పట్టాదారు పాస్‌బుక్కు, ఊరి సర్వే నంబర్లు పట్టుకుని ఎక్సైజ్ కేసులు చూసే లాయర్‌ని, ఒక సీఏని కలవండి. మీరడిగిన "మొత్తం ఎంత"కి ఈ కాగితాలు చూశాకే నమ్మదగ్గ అంకె చెప్పగలరు.