తుపాకీ మీది లైటు జారిపోతోంది!

ప్రశ్న: గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీకి రాత్రి కాపలా కాస్తాను. లైసెన్సున్న 12 బోర్ పంప్ తుపాకీకి మామూలు టార్చి బిగించాం. ప్రాక్టీసులో పది తూటాలు పేల్చేసరికి క్లాంపు జారింది, లైటూ ఆరింది. ఎందుకండీ?

జవాబు: పేలగానే తుపాకీ వెనక్కి తంతుంది, లైటు ఉన్నచోటే ఆగాలని చూస్తుంది. అందుకే క్లాంపు మూతివైపు జారుతుంది. అసలు దోషి చాలాసార్లు నూనె. తూటాలన్నీ తీసి, తూటా పేలే ఛాంబర్‌లోనూ తూటాలు నింపే మ్యాగజైన్ గొట్టంలోనూ వేలు పెట్టి చూసి, తూటాలను వేరే గదిలో పెట్టాకే పని మొదలుపెట్టండి. క్లాంపు పట్టే ఆ గొట్టాన్ని, స్క్రూలను స్పిరిట్ గుడ్డతో తుడవండి. ప్లాస్టిక్ క్లాంపు వద్దు, గొట్టం సైజుకు సరిపోయే అల్యూమినియంది తీసుకోండి. స్క్రూకి, అది వదులవకుండా పట్టే జిగురైన నీలం థ్రెడ్‌లాకర్ ఒక్క చుక్క చాలు. ఎర్రదైతే వేడి చేస్తేగానీ ఊడదు. స్క్రూలు మార్చి మార్చి, కొద్దికొద్దిగా బిగించండి. బలం ఉంది కదా అని తిప్పేస్తే గొట్టం నొక్కుకుపోయి లోపల తూటాలు ఇరుక్కుంటాయి! 24 గంటలు ఆరనిచ్చి, స్క్రూ తలమీదుగా క్లాంపు దాకా గోళ్ల రంగుతో గీత గీయండి. గీత తప్పిందంటే స్క్రూ వదులైనట్టే. పంప్ పిడి పూర్తిగా ముందుకు తోసినా క్లాంపుకు తగలకూడదు.

లైటు ఆరడానికి కారణం వేరు. కుదుపుకు బ్యాటరీ స్ప్రింగును నొక్కి కనెక్షన్ తెంచుతుంది. మామూలు టార్చి ఇంతే. తుపాకీల కోసమే చేసిన లైటు కొనండి.

గొట్టానికి రంధ్రం వేయాల్సివస్తే లైసెన్సున్న ఆయుధ రిపేరరే చేయాలి. వెతకడానికి మాత్రం చేతి టార్చి వాడండి. తుపాకీ లైటు ఎటు తిప్పితే మూతీ అటే తిరుగుతుంది, ఎదురుగా హమాలీ ఉన్నా సరే.