24 రోజుల బాబు మా వైపు చూడడం లేదు.. ఏమైనా లోపమా?

ప్రశ్న: మాది అనంతపురం. తొలి కాన్పు. నెలలు నిండాకే బాబు పుట్టాడు. పుట్టినప్పుడు 2.8 కిలోలు ఉన్నాడు. ఐదో రోజుకు 2.6కి తగ్గాడు. ఇప్పుడు 24 రోజులు, బరువు 3.1 కిలోలు. తల్లిపాలే ఇస్తున్నాను. పిలిచినా మా వైపు చూడడు, నవ్వడు. నిద్రలో ఉలిక్కిపడి చేతులు విదిలిస్తాడు. ఎండలు మండిపోతున్నాయి, కాచి చల్లార్చిన నీళ్లు పట్టమని మా అత్తగారు అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నాకు ముందుగా ధైర్యమిచ్చింది ఆ బరువే. మొదటి వారంలో బిడ్డ కొంత తగ్గడం సహజం. తగ్గుదల పుట్టిన బరువులో పదో వంతు దాటకూడదు, రెండు వారాలకల్లా మళ్లీ పుంజుకోవాలి. ఐదో రోజు నుంచి మీ బాబు అర కిలో పెరిగాడు. అంటే రోజుకు 25 గ్రాములకు పైనే. మీ పాలు వాడికి సరిపోతున్నాయి.

ఇక చూపు. ఈ వయసులో బిడ్డకు కాస్త స్పష్టంగా కనిపించేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరమే. ఒళ్లో పడుకుని పాలు తాగుతున్నప్పుడు మీ ముఖం సరిగ్గా అంత దూరంలో ఉంటుంది. మంచం అవతల నిలబడి పిలిస్తే మీరు వాడికి మసకగానే కనబడతారు. కడుపు నిండి, మెలకువగా, ఏడవకుండా ఉన్న సమయం చూసి ముఖానికి దగ్గరగా ఎత్తుకోండి. మాట్లాడుతూ మీ తలను నిదానంగా ఒక పక్కకు జరపండి. కళ్లు కొద్దిదూరం మీ వెంట వస్తాయి, వెంటనే జారిపోతాయి. ప్రస్తుతానికి అది చాలు. అప్పుడప్పుడు మెల్లకన్నులా అనిపించినా మూడో నెల వరకు కంగారు వద్దు. మనల్ని చూసి నవ్వడం ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతుంది. ఇప్పుడు నిద్రలో నవ్వే నవ్వు వేరు.

ఉలికిపాటు కూడా ఆరోగ్య లక్షణమే. చేతులు బార్లా చాచి, వెంటనే గుండెల మీదికి ముడుచుకుంటాడు కదా? ఆ చేతిని మెల్లగా పట్టుకుని చూడండి, అదురు ఆగిపోతుంది. పట్టుకున్నా ఆగకుండా కొట్టుకుంటుంటే, కళ్లు ఒక పక్కకు నిలిచిపోతే అది మూర్ఛ కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నీళ్ల విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను, దయచేసి పట్టవద్దు. మీ అత్తగారిది మనవడి మీద ప్రేమే, కాదనను. కానీ తల్లిపాలలో దాదాపు 88 శాతం నీరే. అనంతపురంలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నమైనా ఆరు నెలల వరకు బిడ్డకు విడిగా నీళ్లు అక్కర్లేదు. చిన్న పొట్ట నీళ్లతో నిండితే పాలు తాగడం తగ్గుతుంది, ఒంట్లో ఉప్పు శాతం పడిపోతుంది, విరేచనాల ముప్పూ ఉంటుంది. తేనె, వసకొమ్ము కూడా వద్దు. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలివ్వండి, వేడి ఎక్కువైతే ఇంకొన్నిసార్లు. దాహానికి తగినన్ని నీళ్లు తాగాల్సింది మీరు. బాలింతకు నీళ్లు తగ్గించే అలవాటు ఈ ఎండల్లో అసలే పనికిరాదు. బాబుకు పలుచని నూలు చొక్కా చాలు, ఇంట్లో టోపీ, దుప్పటి చుట్టవద్దు. ఫ్యానుగాలి నేరుగా తగలకుండా చూసుకోండి. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా, రంగులేని మూత్రం పోస్తుంటే ఒంట్లో నీరు తగినంత ఉన్నట్టే.

ఇరవై ఎనిమిదో రోజున, నలభై రెండో రోజున ఆశా కార్యకర్త మీ ఇంటికి రావాలి, అప్పుడు బరువు చూపించండి. ఆరు వారాల టీకాలకు వెళ్లినప్పుడు చూపు, నవ్వు గురించి డాక్టరుకు చెప్పండి. పుట్టినప్పుడు వినికిడి పరీక్ష చేయకపోయి ఉంటే అదీ అడగండి.

అంతవరకు ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా, ఒళ్లు చల్లబడినా, పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసుకున్నా, పసుపు రంగు అరచేతులు, అరికాళ్ల దాకా పాకినా రాత్రని చూడకుండా 108కి ఫోను చేయండి. దారిలోనూ బిడ్డ తాగగలిగితే పాలిస్తూనే ఉండండి.